గోధుమచేలో సున్నలు

ఫిబ్రవరి 18

తమ్ముడికి,

నీ ఉత్తరం చేరింది. రెండు పేజీల ఉత్తరంలో దొర గురించి పేజీన్నర అడిగి, అక్క ఎలా ఉందో చివర్న ఓ మూలకి ఇరికించావు. ఎద్దు ముందు, తోడబుట్టింది తర్వాత. సరే, నీ వరసలోనే చెప్తాను.

దొర బాగున్నాడు. నువ్వు గానుగ మూసేసి, వాణ్ణి మా కొట్టంలో కట్టి పట్నం వెళ్ళిన రోజు పక్కటెముకలు లెక్కపెట్టుకునేలా ఉండేవాడు. ఇప్పుడు ఒళ్ళు చేసి పేరుకి తగ్గట్టు తయారయ్యాడు. నువ్వు చెప్పినట్టే ఏ పనికీ పెట్టలేదు. కాడి లేదు, కళ్ళకి గంతలు లేవు. బతుకంతా కట్టే ఉన్నాడు, పొద్దున్న కాసేపైనా పలుపు విప్పమన్నావు కదా. తెల్లారగానే మీ బావ పాలక్యాన్లు పట్టుకుని బయల్దేరడం, నేను దొరని విప్పడం. వాడి మానాన వాడు ఎటో తిరిగొచ్చి, కుడితి వేళకి గాబు దగ్గర హాజరవుతాడు. ఈ షికార్ల సంగతి మీ బావకి చెప్పలేదులే. పని చెయ్యని ఎద్దుకి మేత దండగ అని రోజుకోసారైనా అనకపోతే ఆయనకి తిన్నది అరగదు.

ఇక మా చేలో వింత జరుగుతోంది. మొన్న పొద్దున మీ బావ గట్టెక్కి చూస్తే గోధుమచేను నడిమధ్యలో పెద్ద సున్న! సున్న లోపల పైరు నిటారుగా ఉంది, బయటా నిటారుగా ఉంది, చుట్టూ బాట మాత్రం చాప పరిచినట్టు నేలకి అణిగిపోయింది. ముందు అడవిపందులనుకున్నారు. పంది చేలో పడితే కలగాపులగం చేస్తుంది గానీ ఇలా కొలిచి గీస్తుందా? అదేమిటో తేలకముందే ఇవాళ ఇంకోటి పడింది. ఈ పంట చేతికొస్తే కొట్టానికి రేకులు వెయ్యాలని ఆయన ఆశ. అన్నం ముందు కూర్చుని కూడా సున్నల గురించే ఆలోచిస్తున్నారు.

నాలుగు చోట్ల తిరిగినవాడివి, ఎక్కడైనా ఇలాంటిది విన్నావేమో రాయి. పాలు పొంగేలా ఉన్నాయి, ఉంటాను.

అక్క


ఫిబ్రవరి 25

అక్కకి,

నువ్వెలా ఉన్నావు? చూశావా, ఈసారి మొదటి వరసలోనే అడిగాను. ఇంక దొర గురించి అడగొచ్చు కదా. వాడికి ఎడమ కాలి గిట్ట పగులుతుంది, ఎండ ముదిరితే చూస్తూండు.

నా కాపలా పని బాగానే ఉంది. గోదాము గోడ చుట్టూ తిరగడం, మూలమూలనా ఉన్న పెట్టెలో తాళంచెవి తిప్పడం, మళ్ళీ తిరగడం. ఎక్కడైనా ఆగి కునుకు తీస్తే లోపల ఆఫీసులో తెలిసిపోతుందట. గానుగ చుట్టూ దొర వెనక తిరిగినవాణ్ణి, నాకిది కొత్త విద్యేం కాదు. గది కూడా అలవాటైంది. మంచం మీద కూర్చుంటే తలుపు, కిటికీ, స్టవ్వు మూడూ చేతికి అందుతాయి. కింది వాటా ఆవిడ మాత్రం కుళాయికి తాళం వేసి, తాళంచెవి మెళ్ళో వేసుకుని తిరుగుతుంది. నీళ్ళు కావాలంటే ముందు ఆవిడ మోకాళ్ళ నొప్పుల కథ వినాలి. కథ మధ్యలో బిందె కిందపెడితే మళ్ళీ మొదటి నుంచీ చెప్తుంది.

సున్నల సంగతికొస్తే, నాకు అందులో వింతేం కనిపించలేదు. బావ ఎరువు చల్లడం నేను చూశాను కదా, పెళ్ళిలో అక్షింతలు వేసినట్టు ఒకేచోట గుప్పిస్తాడు. అక్కడ పైరు బలిసి, గాలికి ఒరిగి ఉంటుంది. అదీ కాదంటే బావే పేపర్లో పేరు పడాలని తొక్కుకుని ఉంటాడు. ఆయన పడుకునే ముందు కాళ్ళు చూడు, గోధుమ గడ్డి ఉంటుంది.

దొరని అడిగానని చెప్పు.

తమ్ముడు


మార్చి 6

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం నేను చదవకముందే మీ బావ చదివారు. ఇంతకాలం ఏ ఉత్తరమూ ముట్టని మనిషి, సరిగ్గా ఇదే విప్పారు. పేపర్లో పేరు కోసం తొక్కుకున్నాడన్న చోట ముఖం ఎలా పెట్టారో నీకు రాయలేను. "పంట పోతుంటే నీ తమ్ముడికి నవ్వులాటగా ఉందా?" అని ఒక్కటే మాట అని లేచి వెళ్ళిపోయారు. సరదాకి రాశాడని చెప్తే చెవిన పెట్టలేదు. ఇంతకుముందు ప్రతి ఉత్తరంలో నువ్వు జాగ్రత్తగా ఉండమని రాయమనేవారు. ఇవాళ ఉత్తరం రాస్తున్నానంటే పాలక్యాన్లు కడుక్కుంటూ కూర్చున్నారు.

సున్నలు ఇంకా పడుతూనే ఉన్నాయి. వార్త పాకి మా చేను తిరునాళ్ళయింది. బడిపంతులుగారు టేపు తెచ్చి కొలిచారు. అన్నీ ఒకే కొలతట, జానెడు తేడా లేదట. మనుషులకి సాధ్యం కాదని ఆయన తేల్చేశారు. వ్యవసాయాధికారి వచ్చి మట్టి పొట్లం కట్టుకుపోయాడు. పేపరు విలేకరి ఒకాయన తెల్లబూట్లతో వచ్చి, ఆకాశం కేసి చూసి ఫోటోలు తీస్తూ వెనక్కి వెనక్కి నడిచి సున్న మధ్యలో పేడ తొక్కాడు. నా చీపురు తీసుకుని బూటు తుడుచుకుని, ఆ చీపురు అక్కడే పారేసి, పై లోకాల నుంచి ఎవరో దిగారని రాసి పోయాడు. చూడ్డానికి వచ్చినవాళ్ళు తొక్కింది సున్నల కంటే ఎక్కువ. ఇంట్లో గ్లాసులు చాలక పక్కింటి నుంచి తెచ్చి టీ పోస్తున్నాను.

మీ బావ రాత్రిళ్ళు మంచె మీద కాపలా కాస్తే ఏమీ పడదు. పొద్దున్నే పాలు పోసి వచ్చేసరికి మాత్రం సున్న ఉంటుంది. అదీ రోజూ కాదు. పక్కచేను పెద్దాయన తన నూతిలో నీళ్ళు తోడుకున్న రోజే పడుతోంది. ఆయన గిలక కిర్రు కిర్రుమని మా కొట్టం దాకా వినపడుతుంది కదా, ఆ శబ్దం ఉన్న రోజు సున్న ఉంటుంది, లేని రోజు ఉండదు. నాకు వినపడిన రోజులు లెక్కగట్టి ఇది కనిపెట్టింది మీ బావే. గట్టు తగాదా వచ్చాక ఆయన వేసిన ముళ్ళకంచె వల్ల అటు ఎవరేం చేస్తున్నదీ ఇటు కనపడదు. కంచె దాటి వచ్చి కసికొద్దీ తొక్కుతున్నాడని మీ బావ ఖాయం చేసుకున్నారు. ఆయన అలాంటివాడు కాదని నాకు తెలుసు. నాకు జ్వరం వచ్చి మంచమెక్కినప్పుడు, మగాళ్ళిద్దరికీ మాటల్లేకపోయినా, వాళ్ళావిడ, నేను వదినా అని పిలుస్తాను, వెనక దారిన వచ్చి నా ఇల్లు ఊడ్చిపెట్టి వెళ్ళింది.

ఇంకో మాట. చెప్పకూడదనుకున్నాను, చెప్పకపోతే రేపు నువ్వు నన్ను అంటావు. పంట నష్టం కొంతైనా పూడుతుందని మీ బావ దొరని బేరానికి పెడతానంటున్నారు. పశువుల బేరగాడు వచ్చి పళ్ళు చూసి వెళ్ళాడు. ముసలి ఎద్దుని కొని వాళ్ళేం చేస్తారో నీకూ తెలుసు, నాకూ తెలుసు. పై సంత దాకా ఆగమని అడ్డుపడ్డాను. నీ సరదా ఉత్తరం రాకపోయి ఉంటే ఆ మాట కూడా అనేవారు కాదేమో.

అక్క


మార్చి 11

అక్కకి,

నీ ఉత్తరం గేటు దగ్గర నిలబడి చదివాను. విలేకరి పేడ తొక్కాడన్న చోట నవ్వు మొదలై సగంలో ఆగిపోయింది. అక్కా, చేను నడిమధ్యలోకి పేడ ఎలా వచ్చిందని ఒక్కరూ అడగలేదా? అందరూ మెడలు విరిచి ఆకాశం చూశారు, కాలి కింద చూసినవాడు లేడు. చంకలో పిల్లవాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

ఆ సున్నలు దొరవి.

పంతులుగారి టేపు నాకక్కర్లేదు. నా గానుగ దూలం పొడవెంతో ఆ కొలత అంతే. పుట్టి బుద్ధెరిగాక వాడి కాళ్ళు తిరిగిన దూరం అదొక్కటే. గానుగ ఆడుతున్నంతసేపూ రోకలి కిర్రుమంటూ ఉంటుంది. కళ్ళకి గంతలుంటాయి కనక వాడికి చెవులే దిక్కు. కిర్రు వినపడుతుంటే నడవాలి. కిర్రు ఆగిందంటే వెనక ముల్లుగర్ర పడుతుంది. గానుగెద్దులన్నిటికీ నేర్పే చదువు ఇదే, వాడికీ ఇదే నేర్పాను. ఇప్పుడు పక్కచేను గిలక మోగగానే పని మొదలైందనుకుని, ఎక్కడుంటే అక్కడే చుట్టూ తిరుగుతున్నాడు. గిలక ఆగాక ఎవరూ కొట్టకపోతే కాసేపు చూసి కుడితికి వస్తున్నాడన్నమాట. గానుగ దగ్గరైతే రోజు ముగిశాక నేను గంతలు విప్పి, నూనె చేత్తో నుదురు రుద్ది "అయిపోయిందిరా" అనేవాణ్ణి. అంతదాకా కదిలేవాడు కాదు.

పొద్దున్నే విప్పమన్నది నేనే కదా. వాడికి సుఖంగా ఉంటుందనుకున్నాను.

అక్కా, బావకి ఇది చెప్పకు. అసలే నా మీద మండిపడుతున్నాడు. పంట పాడుచేసింది ఈ ఎద్దే అని తెలిస్తే సంత దాకా కూడా ఆగడు, ఆ సాయంత్రమే బేరగాణ్ణి పిలుస్తాడు. మీ అటక మీద నా గానుగ నూనె ఆఖరి సీసా ఉంది. ఎవరూ లేనప్పుడు కంచె అవతలికి వెళ్ళి ఆ గిలక ఇరుసుకి నాలుగు చుక్కలు వెయ్యి. దొరని కట్టేసి ఉంచు. శబ్దం ఆగితే సున్నలు ఆగుతాయి, సున్నలు ఆగితే జనం ఆగుతారు. నాకు వాడు తప్ప ఆ గానుగ నుంచి మిగిలింది ఏమీ లేదు.

తమ్ముడు


మార్చి 16

తమ్ముడికి,

ఈసారి నీ ఉత్తరం నా చేతికే వచ్చింది, చదివి చేలోకి పరిగెత్తాను. ప్రతి సున్నలోనూ గిట్టల గుర్తులే. ఇన్నాళ్ళూ మా కళ్ళ ముందే ఉన్నాయి. పొలంలో గిట్టల గుర్తులు కాక ఏనుగు గుర్తులుంటాయా అని ఎవరమూ పట్టించుకోలేదు.

దొరని కట్టేశాను. నూనె సీసా అటక మీంచి దింపాను. కానీ అది వాడే అవసరం లేకపోయింది. నీ ఉత్తరం వచ్చేలోపే మీ బావ పని కానిచ్చారు. చూడ్డానికి వచ్చినవాళ్ళందరి ముందూ, బడిపంతులుగారి ముందూ కంచె దగ్గర నిలబడి పెద్దాయన్ని నానా మాటలూ అన్నారు. ఆయన నూతి దగ్గరికి వెళ్ళి గిలక నుంచి తాడు ఊడదీసుకున్నాడు. నేను నీళ్ళు తోడుకుంటేనే నీ చేను పాడవుతోంది కదా, తోడుకోనులే అన్నాడట. అప్పటి నుంచీ ఆయన కూరగాయల నారు వాడిపోతోంది. వదిన చెరువు నుంచి బిందెతో తెచ్చి పోస్తోంది గానీ, అన్ని మడులకీ ఒక్క బిందె ఏం సరిపోతుంది?

గిలక ఆగిపోయింది కనక సున్నలూ ఆగిపోయాయి. దాంతో మీ బావకి ఇంకే సాక్ష్యమూ అక్కర్లేకపోయింది. చూశావా, నిలదీయగానే మానేశాడు, అంటే వాడే కదా అంటున్నారు. వచ్చినవాళ్ళూ తల ఊపి వెళ్తున్నారు. అన్నీ తెలిసి నేను నోరు మూసుకుని ఆయనకి వడ్డిస్తున్నాను. పొద్దున వదిన బిందెతో ఎదురైంది. తల తిప్పుకుని వెళ్ళిపోయింది. నా ఇల్లు ఊడ్చిన మనిషి!

ముందు నుయ్యి, వెనుక గొయ్యి నాకు. చెప్తే నీ దొర పోతాడు, చెప్పకపోతే ఏ పాపమూ ఎరగని మనిషి దొంగవుతాడు. నువ్వు నన్ను నమ్మి చెప్పిన మాట, నీ మాట లేకుండా బయటపెట్టలేను. సంత దగ్గరికొస్తోంది, నారు ఎండిపోతోంది. ఏం చెయ్యమంటావో వెంటనే రాయి.

అక్క


మార్చి 21

అక్కకి,

చెప్పెయ్యి.

రెండు రోజులు వేరే దారి కోసం చూశాను. గోదాము మేనేజరుని అడిగాను, వెనక ఖాళీ స్థలంలో ఒక ఎద్దుని కట్టుకోవచ్చా అని. ఆయన ఆఫీసులో వాళ్ళని పిలిచి మరీ ఆ మాట నా చేత మళ్ళీ చెప్పించి నవ్వుకున్నాడు. కింది వాటా ఆవిణ్ణి కూడా అడిగాను. ఆవిడ నవ్వలేదు, పాపం, మెట్ల కింద చోటు చూసింది. కానీ అక్కడ దూడ కూడా పట్టదు.

నా ఎద్దు తిరిగినందుకు ఇంకొకాయన నారు ఎండకూడదు. నీకు సాయం చేసిన మనిషి నీకు ముఖం చాటెయ్యకూడదు. ఇది రాయడానికి నాకు కష్టంగానే ఉంది అక్కా, లేదని అనను. బావకి చెప్పు, ఆయన పంట ఆయన ఇష్టం, అమ్మినా నేను పల్లెత్తు మాట అనను. పేపరు మాట సరదాకే రాశానని కూడా చెప్పు.

ఒక్కటే అడుగుతాను. బేరగాడి లారీ ఎక్కించేటప్పుడు దొర మొరాయిస్తాడు. కొట్టనివ్వకండి. కొట్టంలో నా పాత గంతలు మేకుకి వేలాడుతూ ఉంటాయి, అవి కట్టండి. పనికి తీసుకెళ్తున్నారనుకుని తనే నడుస్తాడు.

తమ్ముడు


మార్చి 29

తమ్ముడికి,

స్థిమితంగా కూర్చుని చదువు. అన్నీ వరసగా రాస్తాను.

నీ ఉత్తరం వచ్చిన మధ్యాహ్నం మీ బావని కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. పేడ, గిట్టలు, దూలం, గిలక అన్నీ. ఆయన నమ్మలేదు. నీ తమ్ముడు మళ్ళీ సరదాకి కథలల్లుతున్నాడన్నారు. సరదాకైతే తన ఎద్దు మీదకే ఎందుకు తెచ్చుకుంటాడని నీ ఉత్తరం చదివి వినిపించాను. గంతల దగ్గరికి వచ్చేసరికి కాగితం కింద పెట్టేశాను. ఆయనే కాగితం తీసుకుని మిగతాది చదువుకున్నారు. చదివాక కొట్టంలోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. వచ్చి, పొద్దున్నే చూద్దాం, నిజమో కాదో తేలిపోతుందన్నారు.

చూడాలంటే గిలక తిరగాలి. గిలక ఉన్నది పెద్దాయన నూతి మీద. నానా మాటలూ అన్న నోటితోనే వెళ్ళి అడగాలి. పాలు కూడా పక్కింటివాళ్ళకి అప్పగించి, తెల్లారగానే ఆయన కంచె చుట్టూ తిరిగి వాళ్ళ ముంగిట్లో నిలబడ్డారు, వెనక నేను. ఒక్కసారి గిలక తిప్పమని అడిగారు. పెద్దాయన మా ఇద్దర్నీ ఎగాదిగా చూసి, "నేను ముట్టుకోను. కావాలంటే నువ్వే లాగు" అన్నాడు. తాడు మాత్రం తెచ్చి ఇచ్చాడు.

నేను ఇంటికొచ్చి దొరని విప్పాను. వాడు తిన్నగా చేలోకి వెళ్ళి గట్టు పక్క గడ్డి మేస్తున్నాడు. అటు మీ బావ లాగడం మొదలుపెట్టారు. కంచె అడ్డమొచ్చి ఏమీ కనపడకపోతే, పెద్దాయనే కొడవలి తెచ్చి కిటికీ అంత మేర ముళ్ళు నరికాడు. ఈ కంచె నీ మీద కోపంతో వేశాను, నీ కోసమే నరకాల్సి వచ్చిందన్నాడు.

గిలక కిర్రుమంది. దొర తల ఎత్తాడు. నోట్లో గడ్డి అలాగే ఉంది. నాలుగడుగులు చేలోకి వేసి, తిరగడం మొదలుపెట్టాడు. నేను దగ్గరగా వెళ్ళి చూశాను. తమ్ముడూ, వాడు కళ్ళు మూసుకుని నడుస్తున్నాడు. గంతలు లేవు, ఏమీ లేవు, అయినా మూసుకుని నడుస్తున్నాడు. అక్కడే గట్టు మీద కూలబడి ఏడ్చాను. వదిన వచ్చి పక్కన కూర్చుంది.

మీ బావ చేయి నొప్పెట్టి గిలక ఆపారు. దొరా ఆగాడు. మెడ దించి, ఒళ్ళంతా ముడుచుకుని, ముల్లుగర్ర కోసం చూస్తున్నట్టు నిలబడ్డాడు. కంచె కంతలోంచి మీ బావ అది చూశారు. చూసి, మళ్ళీ లాగడం మొదలుపెట్టారు. ఆపితే వాడు భయపడతాడని లాగుతూనే ఉన్నారు. తోడిన నీళ్ళు ఎక్కడ పొయ్యాలో తెలీక పెద్దాయన మడుల్లోకే పోశారు. ఎండ ఎక్కేసరికి మడులన్నీ తడిశాయి. అప్పుడు పెద్దాయనే వచ్చి తాడు పట్టుకుని, "చాల్లే, ఇంక నారు కుళ్ళిపోతుంది" అన్నాడు. నీకు క్షమాపణ చెప్పడం చేతకాదని తెలుసు, ఇన్ని చేదలు తోడావు, సరిపోయింది అన్నాడు. ఇద్దరూ నూతి గట్టు మీద కూర్చున్నారు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు, వదినా నేనూ టీ పెట్టడానికి వెళ్ళాం.

నారు సగం పైగా కోలుకుంది. పోయినదానికి బదులు మన చేను కోసేటప్పుడు గోధుమగడ్డి ఆయన పట్టుకుపోతాడు. పంతులుగారు మాత్రం ముఖం చిన్నబుచ్చుకున్నారు. పై లోకాల నుంచి ఎవరూ రాలేదంటే ఆయనకి ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు. ఎద్దు అంత గుండ్రంగా ఎలా తిరుగుతుందని అడుగుతున్నారు.

నువ్వు ఎదురుచూస్తున్న మాట చివర్న పెట్టాను, నువ్వు నన్ను మూలకి ఇరికించినందుకు ఇది శిక్ష. నిన్న బేరగాడు లారీ తెచ్చాడు. మీ బావ వాకిట్లోనే ఆపేశారు. మాటిచ్చావు కదా అని వాడు గట్టిగా అడిగితే, దొర కేసి చూపించి "వాడు మా బావమరిది. పని చెయ్యకుండా తింటాడని బావమరిదిని అమ్ముకుంటామా?" అన్నారు. లారీ వెనక్కి వెళ్ళిపోయింది.

గిలకకి నీ నూనె రాశాం. ఇప్పుడు చప్పుడు లేదు. దొరని పొద్దున్నే ఆయనే విప్పుతున్నారు.

ఇక్కడితో ఉత్తరం అయిపోయింది గానీ, మీ బావ కలం లాక్కుంటున్నారు. రాయనీ.

అక్క

బావమరిదికి,

మీ అక్కకి చెప్పని ముక్క ఒకటుంది. ఆ రోజు ఆడవాళ్ళు టీకి వెళ్ళాక నేను దొర దగ్గరికి వెళ్ళాను. గిలక ఆగిపోయినా వాడు సున్నలో అలాగే నిలబడి ఉన్నాడు, కళ్ళు మూసుకుని. నువ్వు రాసింది గుర్తొచ్చి, ఇంట్లోంచి నీ నూనె సీసా తెచ్చి, నూనె చేత్తో నుదురు రుద్ది, అయిపోయిందిరా అన్నాను. కళ్ళు తెరిచాడు. నన్ను చూశాడు. నువ్వు కాదని చూసి మళ్ళీ మూసుకున్నాడు.

చప్పుడు ఆగినా, విప్పగానే అలాగే కళ్ళు మూసుకుని నిలబడుతున్నాడు. రోజూ చెప్తున్నాను. నా మాట నమ్మడం లేదు. సెలవు పెట్టి వచ్చి నువ్వు చెప్పు.

బావ